ఆర్ట్ ఆర్కైవ్‌లో ఇంటర్న్‌షిప్: అప్లికేషన్‌లో ఏం పంపాలి, అక్కడ పనేమిటి?

ప్రశ్న: నమస్కారమండీ. హైదరాబాదులో బీఎఫ్‌ఏ పెయింటింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. వేసవి సెలవుల్లో ఏదైనా ఆర్ట్ ఆర్కైవ్‌లో ఇంటర్న్‌గానో వాలంటీర్‌గానో చేరాలని ఉంది. రెండింటికీ తేడా ఏమిటి? నా బొమ్మల పోర్ట్‌ఫోలియో పంపాలా? అక్కడ రోజంతా స్కానింగేనా?

జవాబు 1: పోర్ట్‌ఫోలియో అడిగితేనే పంపండి. ఆర్కైవ్‌లో ఉండేవి ఉత్తరాలు, ఆహ్వాన పత్రాలు, నెగటివ్‌లు, పేపర్ కటింగులు. వాటిని చదివి సరైన వివరం రాయగలరా అన్నదే వాళ్లకు కావాలి. అందుకని రాసిన వివరమే ఒకటి నమూనాగా పంపండి.

ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ హాంకాంగ్‌లో 2000లో మొదలైంది, ఢిల్లీలోనూ వాళ్ల విభాగం ఉంది. బరోడా చిత్రకారుల కాగితాలు, వాళ్లలో ఒకరైన జ్యోతి భట్ తీసిన ఫొటోలు వాళ్ల సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు చదువుకున్నదీ బరోడాలోనే కాబట్టి తెలిసిన పేర్లు తగులుతాయి. ఒక ఫొటో తీసుకుని, కంటికి కనిపిస్తున్నది వేరుగా, మీరు ఊహిస్తున్నది వేరుగా 100 మాటల్లో రాయండి. ఈ రెండూ కలిపేయడమే కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు.

గొలుసుకట్టు రాత (అక్షరాలు కలిపేసి రాసే పాత చేతిరాత) చదవగలిగితే ఆ సంగతి ఉత్తరం మొదట్లోనే చెప్పండి. చదివేవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు, అది చాలా విలువైన విద్య. టైపింగ్ మాత్రం యూనికోడ్‌లోనే. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టినది డేటాబేస్‌లో పిచ్చి గీతలుగా కనిపిస్తుంది, వెతికితే దొరకదు. ఎక్సెల్‌లో రాస్తే సేవ్ చేసేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఎంచుకోండి, మామూలు సీఎస్‌వీలో తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. ఇంకొకటి, సంఖ్యల గడిని ముందే "టెక్స్ట్"గా మార్చండి. లేకపోతే 0047 కాస్తా 47 అవుతుంది, 3-12 అని కొడితే తేదీ అయి కూర్చుంటుంది.

జవాబు 2: తేడా సంగతి. ఇంటర్న్‌షిప్ అంటే ఇన్ని వారాలని గడువు, చూసుకునే ఒక బాధ్యుడు, చివర్లో చేతికొచ్చే పని ఉండాలి. వాలంటీర్ వారానికి ఒకటి రెండు పూటలు వచ్చినా సరిపోతుంది. క్రెడిట్లు కావాలంటే ఒక్క క్రెడిట్‌కు 30 గంటలని యూజీసీ లెక్క, కానీ మీ కాలేజీ ఎలా లెక్కేస్తుందో చేరకముందే డిపార్ట్‌మెంట్‌లో రాయించుకోండి. బోనఫైడ్, కాలేజీ సిఫారసు లేఖ రెండూ సిద్ధంగా ఉంచుకోండి. స్టైపెండ్ ఉందా, మీరు రాసిన వివరాల కింద మీ పేరు వేస్తారా అని ముందే అడగండి. అడగడంలో తప్పేమీ లేదు. ఆరు వారాలు ఉచితంగా పనిచేసి పేరు కూడా లేకపోవడం అన్యాయం.

జవాబు 3: స్కానింగ్ ఉంటుంది, కానీ అంతకుముందు పనే ఎక్కువ. పెట్టెలో కాగితాలు ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుస చెదరనివ్వకూడదు. తేదీల ప్రకారం సర్దేద్దామనిపిస్తుంది, సర్దకండి. ఏ ఉత్తరం ఏ ఫొటో పక్కన ఉందన్నదే కొన్నిసార్లు ఆ ఫొటోకున్న ఏకైక ఆధారం.

కాగితం పట్టుకోవడానికి శుభ్రంగా కడిగి ఆరిన చేతులు చాలు. నూలు గ్లోవ్స్ వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియదు, పెళుసు అంచులు దారాలకు తగిలి చిరుగుతాయి. ఫొటోలకు, నెగటివ్‌లకు మాత్రం నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. పెన్ను గది బయటే, లోపల పెన్సిలే.

తుప్పు పట్టిన స్టేపుల్ పిన్నును రిమూవర్‌తో లాగితే కాగితంతో సహా వస్తుంది. కాగితం వెనక్కి తిప్పి, పిన్ను కాళ్లకూ కాగితానికీ మధ్య సన్నని పాలియెస్టర్ ముక్క దూర్చి, పలచటి గరిటెలాంటి స్పాచులాతో ఒక్కో కాలు పైకి లేపి, అప్పుడు ముందువైపు నుంచి తీయాలి. సెలోటేపు జోలికి వెళ్లొద్దు, అది కన్జర్వేటర్ (పాత కాగితాలు బాగుచేసే నిపుణులు) పని. నెగటివ్‌ల డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే వెంటనే వేరుచేసి చెప్పండి, ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది.

స్కాన్ మామూలుగా ఉత్తరాలకు 300 నుంచి 400 పీపీఐ (అంగుళానికి ఇన్ని పిక్సెళ్లని), ఫొటో ప్రింట్లకు 600. ఏ4 సైజు రంగుల్లో 600 దగ్గర చేస్తే ఒక్కో టిఫ్ ఫైలు సుమారు 100 ఎంబీ, అంటే వంద కాగితాలకు 10 జీబీ. డిస్క్ సంగతి ముందే చూసుకోండి. స్కానర్‌లో ఆటో కరెక్షన్, షార్పెనింగ్ ఆపేయండి. ఖాళీగా ఉన్నా వెనకవైపు కూడా స్కాన్ చేయాలి.

ప్రశ్న అడిగినవారు: చాలా ధన్యవాదాలండీ. తేదీ లేని కాగితాన్ని ఏం చేయాలి? "శనివారం, మార్చి 14" అని మాత్రమే ఉన్న ఎగ్జిబిషన్ ఆహ్వానం లాంటివి?

జవాబు 1: ఈ పనిలో అసలు రుచి అక్కడే ఉంది. కార్డు చూడగానే 1950కీ 1985కీ మధ్యదని తెలిస్తే, ఆ మధ్యలో మార్చి 14 శనివారం పడిన ఏళ్లు 1953, 1959, 1964, 1970, 1981. చిరునామాలో హైదరాబాదు పక్కన "ఆంధ్రప్రదేశ్" ఉంటే 1956 నవంబరు తర్వాతది, 1953 పోయింది. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది, మిగిలేది 1981. పిన్‌కోడ్ లేకపోతే అంతకుముందుదని గట్టిగా చెప్పలేం, చాలామంది చాలాకాలం వేయలేదు. కవరు మీద స్టాంపు నయాపైసల్లో (పైసకు అప్పటి పేరు) ఉందా చూడండి. ఆ "నయా" 1957లో వచ్చి 1964 జూన్ 1న పోయింది. ఉంటే బహుశా 1959 లేదా 1964. "బహుశా" ఎందుకంటే పాత స్టాంపులు తర్వాత కూడా అంటించేవాళ్లున్నారు. అప్పుడు తేదీ గడిలో చదరపు బ్రాకెట్లలో [1959 లేదా 1964] అని వేసి, ఎందుకలా అనుకున్నారో నోట్‌లో రాయండి. కార్డు మీద లేనిది మీరు చేర్చారని ఆ బ్రాకెట్లే చెబుతాయి. ఊహించి ఒక్క ఏడు వేసేస్తే పదేళ్ల తర్వాత దాన్ని ఎవరో పుస్తకంలో ఎక్కిస్తారు.

ప్రశ్న అడిగినవారు: నచ్చిన ఉత్తరాలు ఫోన్‌లో ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టుకోవచ్చా?

జవాబు 2: రాతపూర్వక అనుమతి లేకుండా వద్దు తమ్ముడూ. ఉత్తరం అందుకున్నవారి దగ్గరున్నా, కాపీరైట్ రాసినవారిది, వారి తర్వాత వారసులది. మన చట్టంలో, కర్త బతికుండగా ప్రచురించిన రచనలకు అది కర్త చనిపోయాక 60 ఏళ్లు; అప్పటిదాకా అచ్చుకాని ఉత్తరాల్లాంటివాటికి తొలిసారి ప్రచురించాక 60 ఏళ్లు. చిత్రకారుడు పీ.టీ. రెడ్డి గారు 1996లో పోయారు కాబట్టి ఆయన బతికుండగా ప్రచురించిన రచనలకు 2056 చివరి దాకా ఉంటుంది. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1925లోనే పోయారు, ఆయన చిత్రాలకు ఎప్పుడో తీరిపోయింది. అలాంటివాటికి కూడా, బొమ్మ ఎవరి దగ్గరుందో వాళ్ల ఫొటో నిబంధనలు వేరే ఉంటాయి, అవి పాటించాలి. బతికున్నవాళ్ల ఫోన్ నంబర్లు, అప్పుల సంగతులు, జబ్బుల సంగతులు ఉన్న ఉత్తరం కనిపిస్తే స్కాన్ చేయకముందే బాధ్యులకు చూపించండి. దాన్ని ఎంతకాలం మూసి ఉంచాలన్నది వాళ్లు తేల్చాలి.