ట్రైనింగ్ కాంట్రాక్ట్ కోసం 23 అప్లికేషన్లు పెట్టాను, ఒక్క ఇంటర్వ్యూ రాలేదు

లీడ్స్_ఎల్ఎల్ఎమ్:
అందరికీ నమస్తే. ఇండియాలో ఐదేళ్ల లా చదివి, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యి, ఏడాదిన్నర ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేశాను. ఇప్పుడు లీడ్స్‌లో ఎల్ఎల్ఎమ్. సెప్టెంబర్ నుంచి లండన్ కార్పొరేట్ ఫర్మ్‌లకి వరుసగా 23 అప్లికేషన్లు పెట్టాను, కొన్ని వెకేషన్ స్కీమ్‌కి (సెలవుల్లో ఫర్మ్‌లో కొద్దిరోజుల పని), మిగతావి నేరుగా ట్రైనింగ్ కాంట్రాక్ట్‌కి (ఇక్కడ సొలిసిటర్, అంటే లాయర్ అయ్యే ముందు ఫర్మ్‌లో చేసే రెండేళ్ల శిక్షణ ఉద్యోగం). సగం ఫారం దగ్గరే పోయాయి, మిగతావి వాట్సన్ గ్లేజర్ అనే తర్కం టెస్ట్‌లో. కోర్టు అనుభవం కార్పొరేట్ వాళ్లకి పనికిరాదని ఎవరో చెబితే దాన్ని ఒక్క లైన్‌లో ముగించాను. ఎక్కడ తప్పు చేస్తున్నానో కాస్త గట్టిగానే చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

మూడో_సీటు:
ఆ ఒక్క లైనే మీ దగ్గరున్న అసలు సరుకండీ, దాన్నే దాచేశారు. నేను ట్రైనీని, ఆరేసి నెలల సీట్లు నాలుగు (ఒక్కో సీటు ఒక్కో విభాగంలో), ఇప్పుడు మూడోది నడుస్తోంది. మొదటి సీటు బ్యాంకింగ్‌లో నేను రోజూ చేసింది ఏంటంటే, లోన్ విడుదల కావాలంటే ఏయే పత్రాలు రావాలో ఆ లిస్ట్ పట్టుకుని ఏది వచ్చింది, ఏది రాలేదు, ఎవరి సంతకం మిగిలింది అని వెంటపడటం. జూనియర్‌గా మీరు కేసు కట్టలు సర్దారు, వాయిదా ఎందుకు పడిందో క్లయింట్‌కి అర్థమయ్యేలా చెప్పారు, కౌంటర్ డ్రాఫ్ట్ చేసి సీనియర్ కొట్టేస్తే మళ్లీ రాశారు. ఇంకా డిగ్రీ చదువుతున్న పిల్లలు ఎంతమంది ఇవి రాయగలరు? ఫలానా కేసులో నేను ఈ పని చేశాను, దానివల్ల ఇది జరిగింది అని రాయండి. క్లయింట్ పేరు, గుర్తుపట్టే వివరాలు మాత్రం వద్దు.

ఇక 23 చాలా ఎక్కువ. నేను మొదటి ఏడాది అలాగే పెట్టి ఏమీ రాక, రెండో ఏడాది 7 మాత్రమే పెట్టాను, మూడింటి నుంచి ఇంటర్వ్యూకి పిలిచారు. "ఈ ఫర్మే ఎందుకు" అన్న ప్రశ్నకి ఆ ఫర్మ్ ఎవరి తరఫున పనిచేస్తుందో చూడండి. అప్పు ఇచ్చే బ్యాంకుల తరఫున చేసేది వేరు, పెట్టుబడి సేకరించి కంపెనీలు కొనే ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ల తరఫున చేసేది వేరు, ట్రైనీ చేసే పని కూడా దాన్నిబట్టి మారిపోతుంది. పాత గైడ్లు చూసి రాయొద్దు. అలెన్ అండ్ ఓవరీ 2024 మే 1న షేర్మన్ అండ్ స్టెర్లింగ్‌తో కలిసి ఏ అండ్ ఓ షేర్మన్ అయింది. దేశాలు దాటే ఫైనాన్స్ ఒప్పందాలు ఎక్కువగా ఇంగ్లిష్ లా మీదో న్యూయార్క్ లా మీదో నడుస్తాయి కాబట్టి, రెండూ ఒకే చోట దొరికితే క్లయింట్‌కి ఏం లాభమో మీ మాటల్లో చెప్పగలిగితే ఫర్మ్‌లు అడిగే కమర్షియల్ అవేర్‌నెస్ (వ్యాపార అవగాహన) అంటే అదే. పేపర్ హెడ్‌లైన్లు బట్టీ కొట్టడం కాదు.

పారాలీగల్_మాంచెస్టర్:
పైన చెప్పినదంతా కరెక్ట్, కానీ మీకు ఇంకో దారి ఉంది, దాన్ని ఎవరూ చెప్పినట్టు లేరు. 2021లో ఎస్‌క్యూఈ (సొలిసిటర్ అవ్వడానికి రాసే అర్హత పరీక్ష, ఎస్‌క్యూఈ1, ఎస్‌క్యూఈ2 అని రెండు భాగాలు) వచ్చాక సొలిసిటర్ అవ్వడానికి ట్రైనింగ్ కాంట్రాక్టే ఉండాలన్న నియమం లేదు. రెండేళ్ల క్వాలిఫయింగ్ వర్క్ ఎక్స్‌పీరియన్స్‌ని (లెక్కలోకి వచ్చే లీగల్ పని అనుభవాన్ని) నాలుగు చోట్ల వరకు కలిపి చూపించుకోవచ్చు, పారాలీగల్ పని (లాయర్లకి సహాయకుడిగా చేసేది), జనానికి ఉచిత సలహా ఇచ్చే యూనివర్సిటీ లా క్లినిక్ కూడా లెక్కలోకి వస్తాయి. నేను అలాగే చేస్తున్నాను. మీరు ఎన్‌రోల్ అయిన అడ్వకేట్ కాబట్టి క్వాలిఫైడ్ లాయర్ (వేరే దేశంలో ఇప్పటికే లాయర్ అయినవాళ్లు) కింద వస్తే ఆ రెండేళ్లు కూడా చూపించాల్సిన పని లేదు, పరీక్షలు పాసై, క్యారెక్టర్ చెక్ దాటితే చాలు. ఎస్‌ఆర్‌ఏ (సొలిసిటర్లని నియంత్రించే సంస్థ) సైట్‌లో ఆ పేజీ ఈరోజే చదవండి. ఎస్‌క్యూఈ1 అంటే 180 ప్రశ్నల పేపర్లు రెండు, అన్నీ మల్టిపుల్ చాయిసే, కానీ తేలికనుకోవద్దు, ఒక్కో పరీక్షకి ఆరేళ్లలో మూడు అవకాశాలే.

మళ్లీ ట్రైనింగ్ కాంట్రాక్ట్ విలువ తక్కువ చేయడం లేదు, పెద్ద ఫర్మ్‌లు పరీక్ష ఫీజు కట్టి, చదువుకునేటప్పుడు ఖర్చులకి కూడా ఇస్తాయి, నేను నా జేబులోంచే కట్టుకుంటున్నాను. ఇంకోటి, అవి సుమారు రెండేళ్ల ముందే తీసుకుంటాయి. ఆ మధ్యకాలానికి మీ వీసా ఏంటో ఇప్పుడే లెక్క వేసుకోండి. స్పాన్సర్ లైసెన్స్ (విదేశీయులకి వర్క్ వీసా ఇప్పించే అనుమతి) ఉన్న సంస్థల లిస్ట్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటుంది, అప్లికేషన్ మొదలుపెట్టకముందే అందులో ఫర్మ్ పేరు వెతకండి. లేకపోతే ఒక వారం వృథా.

లీడ్స్_ఎల్ఎల్ఎమ్:
క్వాలిఫైడ్ లాయర్ సంగతి నిజంగా తెలియదు, చాలా థ్యాంక్సండీ. నేను పెట్టిన చిన్న ఫర్మ్‌లలో రెండింటికి లైసెన్సే లేదని ఇప్పుడే చూశాను. మరి వాట్సన్ గ్లేజర్ సంగతి?

మూడో_సీటు:
మనం లా చదివినవాళ్లం కదా, ఇన్ఫరెన్స్ ప్రశ్నల్లో (పేరా చదివి ఒక మాట ఎంతవరకు నిజమో తేల్చేవి) బయట తెలిసిన విషయాలు కూడా కలిపేస్తాం, అక్కడే పోతుంది. ఇచ్చిన పేరాలో ఉన్నదీ, అందరికీ తెలిసిన మామూలు విషయాలూ తప్ప ఇంకేమీ తెలియదన్నట్టు చదవండి. వాళ్ల మార్కింగ్‌లో "బహుశా నిజం"కీ "సమాచారం చాలదు"కీ తేడా పట్టుబడే దాకా రోజుకో సెక్షన్ చొప్పున చేయండి, టైమర్ రెండో వారం నుంచి పెట్టుకోండి చాలు.

అసెస్‌మెంట్ సెంటర్ (ఫర్మ్ పెట్టే చివరి దశ పరీక్షలు, ఇంటర్వ్యూలు) దాకా వెళ్తే కేస్ స్టడీలో ఒక కంపెనీని మరో కంపెనీ కొంటూ ఉంటుంది. షేర్లు కొంటే అప్పులూ కేసులూ కంపెనీతోపాటే వస్తాయి, ఆస్తులు మాత్రమే కొంటే ఏవి కావాలో ఏరుకోవచ్చు. కాంట్రాక్టుల్లో చేంజ్ ఆఫ్ కంట్రోల్ క్లాజ్ ఉందా చూడండి, యజమాని మారితే పెద్ద కస్టమర్ ఒప్పందం రద్దు చేసుకునే హక్కు అందులో ఉండొచ్చు. అలాంటిది కనిపిస్తే పార్ట్‌నర్‌కి క్లాజ్ చదివి వినిపించకుండా, క్లయింట్ ఇప్పుడు ఏం చేయాలో చెప్పండి: కస్టమర్ దగ్గర ముందే సమ్మతి తీసుకోవాలా, ధర తగ్గించమని అడగాలా, లేదా డీల్ వదిలేయాలా అని.

మీ కొత్త డ్రాఫ్ట్ ఒకటి, ఫర్మ్ పేరు తీసేసి ఇక్కడ పెట్టండి, ఆదివారం కూర్చుని చూస్తాను.