కావలి దగ్గర పిల్లల హోమ్: ఫారిన్ డబ్బు ఆగింది, పిల్లల చదువు అయ్యేదాకా ఖర్చు ఎలా?

కావలి_లెక్కలు:
అందరికీ వందనాలు. కావలి దగ్గర మా సంఘం నడిపే పిల్లల హోమ్‌కి లెక్కలు చూసేది నేనే. 26 మంది ఉన్నారు, అందరికంటే చిన్నది రెండో తరగతి, పెద్దవాడు ఇంటర్. హోమ్ రిజిస్ట్రేషన్, చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ఆర్డర్లు అన్నీ సరిగ్గానే ఉన్నాయి, టెన్షనల్లా డబ్బుతోనే. ఇన్నేళ్లూ అమెరికాలో ఒక చర్చి వాళ్లు పంపేవారు. మా ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన రిజిస్ట్రేషన్) రెన్యువల్ కాకపోవడంతో అది ఆగిపోయింది. తిండి, బట్టలు, బడి, మందులు, వార్డెన్ జీతం అన్నీ కలిపితే బిడ్డకి నెలకి 4,500, అంటే మొత్తం 1,17,000. క్రిస్మస్‌కి వచ్చే కేకులూ దుప్పట్లూ పెట్టడానికి చోటుండదు, జూన్ వచ్చేసరికి నోటుపుస్తకాలకి అప్పు చెయ్యాలి.

ఇప్పుడు మూడు మాటలు నడుస్తున్నాయి. సంఘంలో ఒక పెద్దాయన స్థలం అమ్మి ఆ డబ్బు ఇస్తానంటున్నారు, దాన్ని డిపాజిట్ వేసి వడ్డీతో నడపమని. అమెరికా వాళ్లేమో మా పాస్టర్ అయ్యగారి సొంత అకౌంట్‌కి పంపుతాం అంటున్నారు. ఇంకొందరు ఒక్కో బిడ్డకి ఒక్కో దాతని చూడమంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఒంగోలు_ఆడిటర్:
రెండోది వెంటనే మానుకోండి బ్రదర్. హోమ్ కోసం వచ్చే విదేశీ డబ్బుని సొంత అకౌంట్‌లో తీసుకుంటే అయ్యగారు ఎఫ్‌సీఆర్‌ఏ కేసులో ఇరుక్కుంటారు. రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సొసైటీ ద్వారా తెప్పించుకుందాం అనుకుంటారేమో, 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఇంకో సంస్థకి ఆ డబ్బు బదిలీ చెయ్యడానికి లేదు. పెద్ద సంస్థలకే తప్పలేదు ఇది, పిల్లలకి దాతల్ని చూసిపెట్టే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ 2017లో ఇండియాలో పని మూసేసుకుని వెళ్లిపోయింది.

మనవాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న మన మనిషికి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడంటే వస్తుంది, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇండియా ఇచ్చేది) ఉన్నా సరే. కాబట్టి ముందు మీ ఊరినుంచి వెళ్లినవాళ్ల లిస్టు రాసుకుని, ఎవరిది ఏ పాస్‌పోర్టో అడగండి.

స్థలం డబ్బు సంగతి. 7 శాతం వడ్డీ అనుకున్నా నెలకి 1,17,000 రావాలంటే రెండు కోట్లు డిపాజిట్‌లో ఉండాలి, ధరలు పెరిగే లెక్క ఇందులో లేదు. ఆయన ఇచ్చేది 30 లక్షలైతే నెలకి 17,500 వస్తుంది. అదీ మంచిదే, కానీ దాన్ని రోజువారీ ఖర్చులో కలపకండి. ఇచ్చేటప్పుడే ఇది మూలధనానికి అని ఆయన చేత రాయించుకోండి, లేకపోతే మామూలు విరాళం కింద లెక్కకొస్తుంది.

80జి, అంటే విరాళం ఇచ్చినవాళ్లకి ఆదాయపు పన్నులో మినహాయింపు, ఉందని చెప్తే ఉద్యోగులు ఇస్తారని ఆశ పెట్టుకోవద్దు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఆ మినహాయింపు లేదు. పాత విధానంలో ఉన్నా క్యాష్ 2,000 దాటితే చెల్లదు. అయినా 80జి తీసుకోండి, కృష్ణపట్నం వైపు కంపెనీల దగ్గరికి సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజ సేవకి పెట్టే డబ్బు) కోసం వెళ్తే మొదట అడిగేది అదే. ఒకటి చూసుకోండి, చర్చి సొసైటీ పేరు మీదే హోమ్ ఉంటే 80జి కష్టం, ఒకే మతం వాళ్ల కోసం నడిచేదానికి ఇవ్వరు. హోమ్‌కి వేరే సొసైటీ ఉండాలి, ఏ మతం బిడ్డనైనా చేర్చుకుంటామని బైలాస్‌లో ఉండాలి.

హోమ్‌లో_పెరిగినవాడు:
నేను ప్రకాశం జిల్లాలో ఒక హోమ్‌లో పదో తరగతి దాకా ఉన్నాను, పేరు చెప్పను. ఒక బిడ్డకి ఒక దాత పద్ధతి వద్దు అన్నా. నా పక్క మంచం వాడికి దాత దగ్గరినుంచి వాచీ వచ్చేది, షూస్ వచ్చేవి, నాకు దాత మారిపోయి రెండేళ్లు ఏమీ లేదు. ప్రతి పండక్కీ ఉత్తరం రాయించేవాళ్లు, ఎవరో తెలియని మనిషికి ప్రేమతో అని. డబ్బంతా ఒకే చోట పడనివ్వండి, ఆ తర్వాత అందరికీ ఒకటే కంచం, ఒకటే రకం చెప్పులు.

ఇంకో మాట. అందరూ చిన్నపిల్లల్ని చూసి ఇస్తారు, మీసాలొచ్చినవాడికి ఎవరూ ఇవ్వరు. 18 నిండగానే పెట్టె సర్దుకోమంటే వాడు ఎక్కడికి పోతాడు? గదికి అడ్వాన్సు లేదు, ష్యూరిటీ సంతకానికి మనిషి లేడు. బిడ్డ పేరున పోస్టాఫీసులో నెలకి 500 ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) వెయ్యండి, ఇప్పుడున్న 6.7 శాతం మీద ఐదేళ్లకి 35 వేలు దాటుతుంది. అది వాడి మొదటి అద్దె, మొదటి సెల్‌ఫోన్. నాకు అదే లేక చీమకుర్తి క్వారీల్లో పనికి పోయాను, ఐటీఐ తర్వాత ఎప్పుడో చేశాను.

సింగరాయకొండ_అక్క:
నేను కొన్నాళ్లు పిల్లల రక్షణ విభాగంలో పనిచేశాను, కాస్త కటువుగా అడుగుతున్నా ఏమీ అనుకోకండి. ఆ 26 మందిలో తల్లి బతికున్నవాళ్లు ఎంతమంది? మన దగ్గర అనాథాశ్రమం అంటాం గానీ చాలామందికి తల్లో, అమ్మమ్మో ఉంటుంది, అన్నం పెట్టలేక వదిలిపెడతారు. అలాంటి బిడ్డ ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకి 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది, పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 లోపు, మిగతాచోట్ల 96,000 లోపు ఉండాలి. మీరు పెట్టే ఖర్చుకి 500 తక్కువ, అంతే. జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో అప్లై చేయించండి. డబ్బులు ఆలస్యంగా పడతాయి, ఆఫీసు చుట్టూ తిరగాలి, అది నిజమే. కానీ నలుగురైదుగురు పిల్లలు తల్లి దగ్గరికి వెళ్లినా మీ భారం తగ్గుతుంది, బిడ్డకీ అదే మంచిది.

పై తమ్ముడు చెప్పిన 18 దాటినవాళ్లకి కూడా అదే పథకంలో నెలకి 4,000 ఆఫ్టర్‌కేర్ ఉంది, 21 దాకా, అవసరమైతే 23 దాకా. అడిగేవాళ్లే తక్కువ.

ఇంకొకటి, విరాళాల కోసం పిల్లల మొహాలు కనబడేలా ఫొటోలు వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఆరు నెలల జైలు, రెండు లక్షల జరిమానా దాకా పడొచ్చు. బర్త్‌డే కేకు కోసేవాళ్లకి కూడా గేటు దగ్గరే చెప్పండి.

కోవూరు_రైతు:
మా సంఘంలో మార్చి, ఏప్రిల్ కోతలప్పుడు ఇచ్చే కుటుంబాలు ఇంతని ముందే రాసిస్తాయి, కొందరు పుట్టి వడ్లు, కొందరు అర పుట్టి. పుట్టంటే మాకు 850 కేజీలు. మిల్లు పట్టించి హోమ్‌కి దించేస్తే ఏడాది బియ్యం ఖర్చు తీరిపోతుంది. రొయ్యల చెరువుల వాళ్లని మాత్రం నెలనెలా అడగొద్దు, పంట పట్టిన వారం లోపు అడగండి, తర్వాత అడిగితే మేత బాకీ అంటారు.

పెద్దవాళ్లు చెప్పేవారు, 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని, గంజి పొయ్యడంతో సరిపెట్టకుండా జనానికి కూలి పని చూపించాడని. దొరల డబ్బు మీద ఇన్నేళ్లు నడిపాం సరే, ఇప్పుడు నెలకి 300 ఇచ్చే ఇళ్లు ఒక నూటయాభై దొరకవా మన దగ్గర?

కావలి_లెక్కలు:
నూటయాభై ఇళ్లంటే నెలకి 45,000 కదా, అందులో పది ఇళ్లు నెలనెలా ఎగ్గొడతాయి, అదీ లెక్కేసుకోవాలి. అక్కా, రిజిస్టర్ తీసి చూశాను, 26 మందిలో 11 మందికి తల్లి ఉంది. ముగ్గురి తల్లులు కందుకూరులో బత్తాయి తోటల పనికి పోతారు. ఆదాయం సర్టిఫికెట్ తల్లి పేరున గ్రామ సచివాలయంలో తీసుకోవాలా, హోమ్ నుంచి లెటర్ సరిపోతుందా?

సింగరాయకొండ_అక్క:
తల్లి పేరునే, ఆవిడ ఊళ్లోనే. ఆధార్, బిడ్డ పేరు కలిసిన బ్యాంకు పాస్‌బుక్, స్టడీ సర్టిఫికెట్ కూడా పెట్టుకోండి. పంపేముందు బిడ్డని అడగండి, తల్లినీ అడగండి. చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ఆర్డర్ వచ్చాకే పంపండి, మీ అంతట మీరు బస్సెక్కించొద్దు.