మడత ముందా, పట్టు ముందా?

సందేహం_రాజు:
నిన్న మా జర్నల్ క్లబ్‌లో తేలని గొడవ ఇక్కడ పెడుతున్నా. హెచ్‌ఐవీ రెవ్ ప్రోటీన్‌లో 34 నుంచి 50 దాకా ఉన్న 17 అమైనో ఆమ్లాల ముక్కని విడిగా నీళ్లలో వేస్తే దానికి నిలకడైన ఆకారం ఉండదు. వైరస్ ఆర్‌ఎన్‌ఏలో రెవ్ పట్టుకునే చోటు, ఆర్‌ఆర్‌ఈ, దొరికితే మాత్రం ఆల్ఫా హెలిక్స్ (స్ప్రింగు లాంటి చుట్ట) అయిపోయి ఆర్‌ఎన్‌ఏ మెలికలోని మేజర్ గ్రూవ్ అనే గాడిలో దూరి కూర్చుంటుంది. అప్పుడప్పుడూ దానంతటదే హెలిక్స్ అయినప్పుడు ఆర్‌ఎన్‌ఏ ఏరుకుంటోందా? లేక వదులుగా అంటుకున్నాక అక్కడే మడతపడుతోందా?

అర్జినిన్_అక్క:
మడతే ముందు. 1993లోనే చూపించారు కదా రాజూ. ఆ పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క) చివర్లు సర్ది, అలనిన్ అనే అమైనో ఆమ్లాలు తగిలించి హెలిక్స్ వాటా పెంచితే ఆర్‌ఆర్‌ఈని గుర్తుపట్టడం మెరుగైంది. హెలిక్స్ లేనిది కూడా అంటుకుంటుంది, కానీ ఏ ఆర్‌ఎన్‌ఏ అయినా దానికి ఒకటే. అర్జినిన్ అనే పాజిటివ్ అమైనో ఆమ్లాలు అన్నేసి ఉన్న ముక్క నెగటివ్ ఆర్‌ఎన్‌ఏకి అంటుకోవడంలో వింతేముంది?

పాత_పిప్పెట్:
అక్కా, ఆ ప్రయోగం మంచిదే, కానీ మీరు దాంతో చెప్పిస్తున్న మాట అది చెప్పదు. హెలిక్స్ ముందే కొంత ఉంటే మడతకయ్యే ఖర్చు తగ్గుతుంది, పట్టు బిగుస్తుంది. అంటుకున్నాక మడతపడినా అంతే. అది చివరి లెక్క, దారి కాదు.

ఇంకో సంగతి. పశువుల వైరస్ బీఐవీలో టాట్ అనే ప్రోటీన్ ముక్క తాను పట్టుకునే టార్ ఆర్‌ఎన్‌ఏ దగ్గర హెలిక్స్ కాదు, బీటా హెయిర్‌పిన్ (జడపిన్నులా మడిచిన పట్టీ) అవుతుంది. బాలి పశువుల్లో వచ్చే జెంబ్రానా వ్యాధి వైరస్ టాట్ ఇంకా గడుసుది. బీఐవీ టార్ ఇస్తే హెయిర్‌పిన్, హెచ్‌ఐవీ టార్ ఇస్తే వేరే రూపం. ఏ ఎండకా గొడుగు! రూపం ముందే రాసిపెట్టి ఉంటే ఇదెలా కుదురుతుంది?

పైగా ఆర్‌ఎన్‌ఏ కూడా ఊరికే కూర్చోదు. అర్జినినమైడ్ లాంటి చిన్న అణువు చాలు, హెచ్‌ఐవీ టార్ ఉబ్బులోని యూ23 బేస్ (ఆర్‌ఎన్‌ఏ అక్షరం) కదిలి ఏ27-యూ38 జత పక్కన మూడో బేస్‌గా చేరుతుంది. ఎవరు ఎవర్ని ఏరుకున్నట్టు?

అర్జినిన్_అక్క:
జెంబ్రానా సంగతి ఒప్పుకుంటా. కానీ టాట్ కథ తెచ్చి రెవ్‌కి అంటగట్టకు. గొలుసు తనంతట తాను రెండు రూపాల్లోనూ కాసేపు కాసేపు ఉంటుంటే, ఒక్కో ఆర్‌ఎన్‌ఏ ఒక్కోటి ఏరుకోవచ్చుగా?

గోదారి_ఎన్‌ఎమ్‌ఆర్:
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. మీరిద్దరూ ముక్క గురించే కొట్టుకుంటున్నారు. 116 అమైనో ఆమ్లాల మొత్తం రెవ్‌లో ఆ హెలిక్స్ పక్కన ఇంకో హెలిక్స్ ఉంది, రెండూ హెయిర్‌పిన్‌లా ఆనుకుంటాయి. హెలిక్స్‌కి ముందే ఆసరా ఉంది కాబట్టి అక్కడ ఈ ప్రశ్న సగం పోతుంది. నిజంగా వదులుగా ఉండేది కావాలంటే బ్యాక్టీరియాని పట్టే వైరస్ లాంబ్డా ఫేజ్‌లోని ఎన్ ప్రోటీన్ పట్టుకోండి. విడిగా ఆకారం లేదు, తన ఆర్‌ఎన్‌ఏ బాక్స్‌బీ దగ్గర వంగిన హెలిక్స్, అందులో 18వ స్థానంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం వెళ్లి ఆర్‌ఎన్‌ఏ లూప్ బేస్ మీద పలకలా పడుకుంటుంది.

సందేహం_రాజు:
మరి తేల్చేదెలా? సీడీ (ధ్రువిత కాంతితో ఆకారం పసిగట్టే స్పెక్ట్రమ్) తీస్తే సరిపోదా?

పాత_పిప్పెట్:
అక్కడే నేను బోర్లా పడ్డాను తమ్ముడూ. పీహెచ్‌డీలో ఆర్‌ఎన్‌ఏ స్పెక్ట్రమ్ తీసేసి, 208 నానోమీటర్ల దగ్గర లోతు చూసి "హెలిక్స్ వచ్చేసింది" అని గెంతాను. ఆర్‌ఎన్‌ఏకి కూడా 210 దగ్గర నెగటివ్ సిగ్నల్ ఉంటుంది, బైండింగ్‌తో అదీ మారింది. రెండు నెలల గ్రాఫులు చెత్తబుట్టలోకి. 222 చూడు, అదీ జాగ్రత్తగా.

దారి తెలియాలంటే వేగం కొలవాలి. స్టాప్డ్ ఫ్లోలో (రెంటినీ క్షణంలో కలిపి వేగం కొలిచే యంత్రం) ఆర్‌ఎన్‌ఏ పెంచుకుంటూ పో. నెమ్మదిగా ఉండే దశ వేగం తగ్గుతూ వస్తే అక్క గెలిచినట్టే, మడతే ముందన్నమాట.

అర్జినిన్_అక్క:
పెరిగితే నువ్వు గెలిచినట్టు కాదు, అది కూడా చెప్పు. మడత ముందైనా వేగం పెరిగే సందర్భాలున్నాయి.

పాత_పిప్పెట్:
నిజమే, ఒప్పుకుంటున్నా. అసలు మడతే పడకుండా గట్టిగా పట్టుకునేవీ ఉన్నాయి. 2018లో ప్రోథైమోసిన్ ఆల్ఫా, హిస్టోన్ హెచ్1 అనే రెండు ప్రోటీన్ల జత అలాగే తేలింది. అక్కడ ఆర్‌ఎన్‌ఏ లేదనుకోండి.

సందేహం_రాజు:
సరే, ఎన్ పెప్టైడ్, బాక్స్‌బీతో మొదలుపెడతా. సోమవారం మెషిన్ ఖాళీగా ఉందన్నారు.

అర్జినిన్_అక్క:
బఫర్‌లో ఉప్పు ఎంత వేస్తున్నావో ముందు చెప్పు. తక్కువేస్తే ఆ అర్జినిన్‌లు దేనికి పడితే దానికి అతుక్కుంటాయి, మళ్లీ ఇక్కడికే వస్తావు.