అప్‌డేట్: అమ్మానాన్నలతో మౌంట్ వెర్నాన్ వెళ్లొచ్చాం

అమ్మకి మోకాళ్ల నొప్పులు, వర్జీనియాలో అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇల్లు చూడ్డానికి పూట చాలుతుందా అని పోయిన నెల అడిగాను కదా. వెళ్లొచ్చాం. పూట చాల్లేదు, రోజంతా పట్టింది.

ఇంటి లోపల టూర్‌కి టికెట్ మీదే టైం ఉంటుంది. మేం బయల్దేరిందే ఆలస్యంగా, అందుకే పరుగులాంటి నడక. అమ్మ చేత తిట్లు నాకే.

దూరం నుంచి రాతి ఇల్లే అనుకున్నాం. తీరా చూస్తే చెక్క! పలకల్ని రాళ్లలా చెక్కి, తడి రంగు మీద ఇసుక చల్లారట. నాన్న అక్కడే ఆగిపోయారు, గోడ వదిలి రారే. లోపల నాకు నచ్చింది బాస్టిల్ కోట (ఫ్రెంచి విప్లవంలో జనం పట్టుకున్న పారిస్ జైలు) తాళంచెవి. 1790లో వాషింగ్టన్‌కి ఆయనతో కలిసి పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెట్ పంపిన కానుక. వైట్ హౌస్‌లో వాషింగ్టన్ గది ఏది అని నాన్న అడిగారు. అసలు అందులో ఉండనే లేదు, 1799లో ఈ ఇంట్లోనే పోయారు.

వెనక వరండాలో కుర్చీలు, ఎదురుగా పోటోమాక్ నది. అమ్మ కూర్చున్నది అక్కడే, లేవనంది.

వాషింగ్టన్ సమాధి దగ్గర్లో బానిసల స్మారకం ఉంది. 1799లో ఈ ఎస్టేట్‌లో 317 మంది బానిసలు ఉండేవారు. వాళ్ల గుడిసె చూశాక ఆ వరండా అందం కాస్త చేదెక్కింది. అయినా ఆ భాగం మాత్రం వదలొద్దు.

వీల్‌చెయిర్ సలహా ఇచ్చినవాళ్లకి థాంక్స్. అమ్మ వద్దంది, సాయంత్రానికి బాధపడింది.