పొలంలో టెంట్లు వేస్తే రైతుకు మేలా, చేటా? (లంబసింగి, వనజంగి)

ఘాట్‌రోడ్:
డిసెంబర్ వస్తే చాలు, కొండల మీద మేఘాలు చూడ్డానికొచ్చే జనం కోసం అల్లూరి జిల్లాలోని లంబసింగి, వనజంగి చుట్టుపక్కల పొలాల్లో టెంట్లు మొలిచేస్తున్నాయి. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో దీని మీద పెద్ద గొడవే అయింది. "గిరిజన రైతు నాలుగు డబ్బులు చూసేదే ఈ రెండు నెలలు, దానికీ అడ్డుపడతారేంటి" అని ఒకాయన. "పంట పోయి టెంట్లొచ్చాక సొంత చేలోనే వాచ్‌మన్ అవుతాడు" అని ఇంకొకావిడ. నా ఓటు మొదటాయనకే. రిసార్టులో ఇచ్చిన డబ్బు ఎవరి జేబులోకో పోతుంది, పొలంలో పడుకుంటే పొలం గలవాడికి పోతుంది. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, ఊరికే "ప్రకృతి నాశనం" అని ఒక ముక్క పడేసి పోకండి.

చింతపల్లి కుర్రోడు:
పొలం గలవాడికే పోతుందని ఎవరు చెప్పారు గురూ? నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి. ఆ టెంట్లు ఎవరివి, బుకింగ్ నంబర్ ఎవరిది, ఇన్‌స్టా పేజీ ఎవరు నడుపుతున్నారు, ఒకసారి కనుక్కో. చాలాచోట్ల టౌను నుంచి వచ్చినవాళ్ళు సీజన్‌కి ఇంత అని చేతిలో పెట్టి చేను తీసేసుకుంటారు. రాత్రి కట్టెలు మోసేది ఆ రైతే, తెల్లారగట్ల లేచి మీకు వేడినీళ్ళు కాచేది వాళ్ళావిడే, మీరు కట్టిన డబ్బులో ఎంత వాళ్ళదో వాళ్ళకే తెలీదు.

పైగా ఇది చెల్లని వ్యవహారం. మాది షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల భూమికి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారే, 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలకు 1970లో తెచ్చిన ఆ సవరణ ప్రకారం ఇక్కడి భూమిని గిరిజనేతరుడికి అమ్మడమే కాదు, లీజుకివ్వడం కూడా చెల్లదు. అడవిలో సాగు చేసుకునే పోడు పట్టా భూమయితే 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది, అది పిల్లలకు దక్కుతుంది గానీ ఇంకొకరికి రాసివ్వడానికి లేదు. అందుకే కాగితం ఉండదు, అంతా నోటిమాటే. సీజన్ అయ్యాక సగం డబ్బు ఎగ్గొట్టి ఫోన్ ఎత్తకపోతే ఆ రైతు ఏ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్తాడు?

ఘాట్‌రోడ్:
సరే, ఒప్పుకుంటా. కానీ అది దళారీ తప్పు, టెంటు తప్పు కాదు కదా. రైతే సొంతంగా వేసుకుంటే అప్పుడూ కాదంటావా?

మిరియాల తీగ:
నేను చెప్తా అన్నా. మాది పాడేరు వైపు, కాఫీ తోట, కింద కొంచెం వరి మడి. దళారీ లేకపోయినా చిక్కులున్నాయి, కానీ అవి మీరనుకునేవి కావు.

మేఘాలు చూడ్డానికి మీరొచ్చేది నవంబర్ నుంచి జనవరి దాకా. మాకు కాఫీ పళ్ళు ఏరేదీ సరిగ్గా అప్పుడే. చెట్టు మీద పళ్ళన్నీ ఒకేసారి పండవు, ఎర్రగా మాగినవి చూసి ఏరాలి, వారం పది రోజులాగి మళ్ళీ అదే చెట్టు దగ్గరికి రావాలి. ఏరిన పండు ఆ రోజే తొక్క తీయకపోతే పులిసిపోయి గింజ రుచి చెడుతుంది. ఇంట్లో ఉన్న నలుగురిలో ఇద్దరు మీకు టీ, ఉప్మా, బొంగులో చికెన్ చేస్తూ కూర్చుంటే పండు చెట్టు మీదే ఎండుతుంది. టెంటు డబ్బు ఎంతొచ్చిందో అందరూ లెక్కేస్తారు, ఏరని కాఫీ ఎంత పోయిందో ఎవరూ వెయ్యరు.

రెండోది, టెంటు ఎక్కడ వేస్తున్నారన్నది. ఫోటో బాగుంటుందని కాఫీ మొక్కల మధ్యలో వేయమంటారు. కాఫీకి తిండి లాగే సన్న వేళ్ళు నేల పైపైనే ఉంటాయి, అక్కడ మేకులు దిగ్గొట్టి రోజూ పదిమంది తొక్కితే మొక్క ఏం బతుకుతుంది? మొన్న ఒక జట్టు మా సిల్వర్ ఓక్ చెట్లకి ఊయల కట్టింది. చెట్టును అల్లుకుని మిరియం తీగ ఉందని వాళ్ళు చూసుకోలేదు. తాడు విప్పాక చూస్తే ఒక్కచోట తీగ చదునుగా నలిగి, పైన ఆకులన్నీ వేలాడిపోయాయి. కొత్త తీగ నాటితే కాపుకి మూడేళ్ళు. వాళ్ళు మంచివాళ్ళే, వెళ్ళేటప్పుడు చెత్త కూడా ఏరుకుని వెళ్ళారు. ఏది పంటో తెలీలేదు, అంతే.

ఇప్పుడు తోటలోకి ఎవర్నీ రానివ్వం. వరి కోసేసిన మడిలో నాలుగు టెంట్లు, అంతకుమించి ఒక్కటి కూడా కాదు. అప్పటికి మడి ఎండి ఉంటుంది, దుబ్బులు చెక్కేస్తే చదునుగా ఉంటుంది, మళ్ళీ వానల దాకా దానితో పని లేదు. అలా అయితే నేను టెంట్లకు అనుకూలమే.

లెస్టర్ తెలుగోడు:
మేం ఇంగ్లాండ్‌లో ఉంటాం, పిల్లలతో ఎండాకాలంలో ఇలాంటి పొలాలకే వెళ్తాం. ఇక్కడ క్యాంపింగ్ క్లబ్బులు సర్టిఫికెట్ ఇచ్చే చిన్న సైట్లుంటాయి, ఐదు క్యారవాన్లు, పది టెంట్లు, అంతే పరిమితి. 2023 నుంచి ఇంకో వెసులుబాటు వచ్చింది, రైతు ప్లానింగ్ అనుమతి కోసం తిరగక్కర్లేకుండా ఏడాదికి 60 రోజుల వరకు 50 టెంట్ల దాకా పెట్టుకోవచ్చు. కాకపోతే ముందే కౌన్సిల్‌కి, అంటే అక్కడి స్థానిక సంస్థకి, తెలియజేయాలి, మరుగుదొడ్లు, చెత్త ఏర్పాటు ఉండాలి. మనదగ్గరా పంచాయతీ ఇలా ఒక లెక్క పెడితే గొడవే ఉండదుగా?

చింతపల్లి కుర్రోడు:
శ్రీమంతుల లెక్కలు మాకెందుకు సార్. అక్కడ ఒక్కో రైతుకి పదుల ఎకరాలు, ఓ మూల విడిచిపెడితే తెలీను కూడా తెలీదు. ఇక్కడ ఎకరం రెండెకరాలు, అదీ మెట్లు మెట్లుగా. 50 టెంట్లు వేస్తే ఇక పొలం ఏది? మీ మాటలో ఒకటి మాత్రం తీసుకుంటా, ముందు మరుగుదొడ్డి, ఆ తర్వాతే టెంటు. ఇక్కడ తిరగేసి చేస్తున్నారు.

బీచ్‌రోడ్ బాబాయ్:
ఆ మాట మా ఇంటావిణ్ణి అడగండి, గంట ఉపన్యాసం ఇస్తుంది. పోయినేడాది వెళ్ళిన చోట ముప్పైమందికి ఒక్కటే దొడ్డి, దాని గొయ్యి చూస్తే ఊరివాళ్ళు తాగే ఊటకి ఎగువన! అర్ధరాత్రి దాకా పక్క టెంటు వాళ్ళ స్పీకర్ బాక్సు, పొద్దున్నే లేచి మేఘాలు చూద్దామంటే నిద్రే లేదు. టెంటు ఒంటి పొర, పైన ఫ్లై, అదే మంచు ఆపే పైకప్పు గుడ్డ, లేదు, తెల్లారేసరికి లోపల ఊపిరి తేమంతా చుక్కలై దుప్పటి మీద కారుతోంది, పది డిగ్రీల కింద చలి. అంత డబ్బు తీసుకుని ఇదా? నా మటుకు నాకు ఈ పొలం క్యాంపులన్నీ మూసేసి ప్రభుత్వమే గెస్ట్‌హౌసులు కట్టాలి.

మిరియాల తీగ:
గెస్ట్‌హౌస్ కడితే జీతాలు వేరేవాళ్ళకి, దుమ్ము మాకు బాబాయ్ గారూ. గొయ్యి మాట నిజం, ఊటకి దిగువనే తవ్వాలి, అది మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, టౌను వాళ్ళకే తెలీదు. స్పీకర్ మా దగ్గర రానివ్వం. ఇంకోటి చెప్పనా, మాకు అన్నిటికన్నా భయం సీసాలు. రాత్రి మడిలో పగిలిన బీరు సీసా మట్టిలో కలిసిపోతే కనబడదు. జులైలో నాట్లకి ఆడవాళ్ళు వట్టి కాళ్ళతో దిగేది ఆ మడిలోకే. అందుకే గాజు సీసా ఉందంటే బండి దగ్గరే ఆపేస్తాం, దాని మీద రోజూ తగువే, "డబ్బులిస్తున్నాం కదా" అంటారు.

ఘాట్‌రోడ్:
నాలుగు టెంట్లు, కోసిన మడి, ఇంటివాళ్ళే నడపడం. దీనికైతే బాబాయ్ తప్ప అందరూ ఒప్పుకుంటున్నట్టే ఉంది. కానీ బుక్ చేసేవాడికి అవతల ఉన్నది రైతో దళారో ఎలా తెలుస్తుంది?

చింతపల్లి కుర్రోడు:
ఫోన్ చేసి, ఇప్పుడు మీ చేలో ఏం పంట ఉంది, ఎప్పుడు కోశారు అని అడుగు. ఇంటివాళ్ళయితే అడగనిది కూడా చెప్తారు. దళారీ అయితే "సార్, మ్యూజిక్, క్యాంప్‌ఫైర్, బార్బెక్యూ అన్నీ ఉంటాయి" అంటాడు.

బీచ్‌రోడ్ బాబాయ్:
ఫోన్ కలవడానికి మీ ఏజెన్సీ కొండల్లో సిగ్నల్ ఉండాలిగా నాయనా.

మిరియాల తీగ:
పగలు తోటలో ఉంటాం, అందదు. ఏడు దాటాక చెయ్యండి, అప్పుడు కొండ మీద ఇంట్లో ఉంటాం, ఒక గీత వస్తుంది. ఈ జనవరి శనాదివారాలు మాత్రం అడక్కండి, పండు ఏరడం ఇంకా సగం కూడా అవలేదు.