“వివరింపదగున్”: సుమతీ పద్యంలోని పాదంలో ఆ మాటకు అర్థం ఏమిటి?

ఫ్రిస్కో వాసి:
టెక్సస్‌లో మా ఊరి రఫ్‌రైడర్స్ జట్టు డబుల్-ఎ స్థాయి, అంటే పెద్ద లీగులకు రెండు మెట్ల కింది స్థాయి బేస్‌బాల్ ఆడుతుంది. పెద్ద లీగుల జట్టైన రేంజర్స్ సంస్థకు చెందిన కుర్రవాళ్లు పై మెట్టు ఎక్కే ముందు ఇక్కడ కొన్ని నెలలు ఆడతారు. వేసవి సగం గడిచేసరికి వారిలో ఎవరు ఎంత ఎదిగారో మిత్రుల కోసం తెలుగులో రాయడం నాకు అలవాటు. ఈసారి వ్యాసానికి శీర్షికగా చిన్నప్పుడు వల్లించిన పాదం ఒకటి పెట్టాలనుకున్నాను. “విన్నంతనె వేగిరపడక వివరింపదగున్” అని నోటికి వస్తున్నది కానీ ఎక్కడో కుంటుతున్నది. అంతకన్నా పెద్ద సందేహం మరొకటి ఉన్నది. తొందరపడవద్దన్న కవి ఆ వెంటనే వివరించమని ఎందుకు అంటాడు? సీజన్ మొదలయ్యే ఏప్రిల్ నెల అంకెలు చూసి అందరికీ వివరించడమే నేను మానుకోదలచిన పని.

కందప్రియ:
మీ పాదం కుంటుతున్నది రెండు చోట్ల. “విన్నంతనె” అంటే మొదటి అక్షరం గురువై, నకారం ద్విత్వమై, ప్రాస చెడుతుంది. “వేగిరపడక” అంటే “గపడక” అని నలం (నాలుగు లఘువుల గణం) ఉండవలసిన ఆరవ గణంలో ఐదు లఘువులు పడతాయి. అసలు పద్యం ఇది:

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ

అర్థం సంగతి పెద్దలు చెబుతారు. శీర్షికలో మాత్రం దయచేసి “వేగిరపడక” అని అచ్చు వేయకండి.

కాకినాడ పాఠకుడు:
‘వివరించు’ అంటే ఇతరులకు విప్పి చెప్పడమన్నది ఇప్పుడు మనకు బాగా అలవాటైన అర్థం. “వాడు వివరం తెలిసిన మనిషి”, “ఆ పిల్లవాడికి ఇంకా వివరం రాలేదు” అని మా వైపు ఇప్పటికీ అంటారు. అక్కడ వివరమంటే తారతమ్యం తెలుసుకునే తెలివి. కనుక ఈ పద్యంలో ‘వివరింపదగున్’ అంటే, విన్నదానిని విడదీసి, ఏది దేనివల్ల వచ్చిందో విచారించాలని నా అభిప్రాయం. మీ ఆటకు ఇది పనికివస్తుందో లేదో మీరే చెప్పాలి.

ఫ్రిస్కో వాసి:
పనికిరావడమేమిటండీ, మా పనంతా ఆ విడదీయడమే. మా లీగులోనే ఉన్న అమరిల్లో సముద్రమట్టానికి దాదాపు 3,600 అడుగుల ఎత్తున ఉన్నది. అక్కడి పల్చని గాలిలో బంతి దూరం పోతుంది కనుక, అక్కడ కొట్టిన, బంతి కంచె దాటే హోమ్ రన్లలో కుర్రవాడి వాటా ఎంత, ఊరి వాటా ఎంత అన్నది విడదీయాలి. వయసును కూడా విడదీయాలి, ఎందుకంటే ఈ స్థాయిలో 20 ఏళ్ల పిల్లవాడు .260 బ్యాటింగ్ సగటుతో (వెయ్యి అట్-బ్యాట్లకు 260 హిట్లు) ఆడడం, 25 ఏళ్లవాడు .290తో ఆడడం కన్నా చాలాసార్లు మంచి కబురు. ఇక సగటు ఎంత చపల చిత్తురాలంటే, పెద్ద లీగుల లెక్కల మీద జరిగిన ఒక పరిశీలన ప్రకారం స్ట్రైక్‌అవుట్ల (మూడు స్ట్రైకులతో అవుటవడం) రేటు సుమారు 60 ప్లేట్ అప్పియరెన్సులకే (బ్యాటింగ్‌కు నిలిచిన ప్రతిసారీ ఒకటి) ఒక దారికి వస్తుంది, బ్యాటింగ్ సగటు కుదుటపడాలంటే మాత్రం 900కు పైగా అట్-బ్యాట్లు (వాటిలో వాక్‌ల వంటివి తీసేసిన లెక్క) కావాలి. డబుల్-ఎ జట్టుకు సీజనంతా కలిపి 138 ఆటలే. ఒక్క ఏడాదిలో ఎవరికీ అన్ని అవకాశాలు రావు. అయినా జూన్ నెలలో అందరూ అడిగేది సగటునే.

న్యూజెర్సీ నివాసి:
కాకినాడవారి అర్థం బాగానే ఉన్నది కానీ అది సగం దారి మాత్రమే. సంస్కృతంలో వివరమంటే రంధ్రమని కూడా అర్థం. ఆటగాళ్లను చూసి అంచనా వేసే స్కౌట్లు కూడా బ్యాట్స్‌మన్ ఊపులో రంధ్రం ఉన్నదా లేదా అనే మాట్లాడుకుంటారు, అంటే ఏ చోట వేసిన బంతి అతనికి అందదో వెతుకుతారు. 2015లో ఆరోన్ జడ్జ్ మా ట్రెంటన్‌లో డబుల్-ఎ ఆడుతూ 63 ఆటల్లో .284 సగటుతో 12 హోమ్ రన్లు కొట్టాడు. అదే వేసవిలో స్క్రాంటన్‌కు, అంటే పై మెట్టైన ట్రిపుల్-ఎకు వెళ్లి 61 ఆటల్లో .224 దగ్గర ఆగిపోయాడు. ఆరడుగుల ఏడంగుళాల మనిషికి స్ట్రైక్ జోన్ (బంతి అందులోంచి పోతే స్ట్రైక్ అయ్యే హద్దు) కూడా అంత పొడుగే ఉంటుంది కనుక, అనుభవమున్న పిచర్లకు (బంతి వేసేవారికి) వివరం దొరికింది. మరుసటి ఏడాది పెద్ద లీగుల యాంకీస్ జట్టుకు పిలిచినప్పుడు 84 అట్-బ్యాట్లలో 42 స్ట్రైక్‌అవుట్లు, సగటు .179. ఆ అంకెలు వినినంతనె వేగపడినవారు 2017లో అతడు 52 హోమ్ రన్లు కొట్టి, ఏకగ్రీవంగా ఉత్తమ నూతన ఆటగాడైనప్పుడు ఏమన్నారో నాకు తెలుసు, ఎందుకంటే వారిలో నేనొకడిని. కాబట్టి ‘వివరింపదగున్’ అంటే రంధ్రాన్ని వెతికి, అది పూడుతున్నదా లేదా అని చూడాలన్నమాట.

కందప్రియ:
శ్లేషగా అది రసవత్తరంగా ఉన్నది, అర్థంగా మాత్రం నిలువదు. వివరము అనే నామానికి రంధ్రమన్న అర్థం ఉన్నంత మాత్రాన ‘వివరించు’ క్రియకు రంధ్రాన్వేషణ అంటగట్టరాదు. నిజానికి ఈ పద్యంలో తగవు పడవలసిన మాట అది కానే కాదు, మూడవ పాదం మొదటి రెండక్షరాలు. ‘కని’ అంటే కంటితో చూసి అనా, కనుగొని అనా? మొదటి పాదంలో ‘వినదగు’ అన్న కవి ఇక్కడ ‘కని’ అన్నాడంటే చెవికి కంటిని పోటీగా నిలబెట్టాడని నేను చాలా కాలంగా నమ్ముతున్నాను.

కాకినాడ పాఠకుడు:
ప్రాసకు నకారం కావలసి వచ్చి ‘కని’ అన్నాడని నేను అంతకన్నా ఎక్కువ కాలంగా నమ్ముతున్నాను.

రేపల్లె విశ్రాంత ఉపాధ్యాయుడు:
మీరంతా నీతిపరుణ్ణి పట్టుకుని వేమనను మరచిపోయారు. ఎదుగుదలను తూచడానికి “తినగ తినగ వేము తియ్యనుండు” అన్నదానికన్నా మంచి కొలబద్ద ఏమున్నది? “సాధనమున పనులు సమకూరు” అని ఆయనే అన్నాడు. అది ఆటవెలది కనుక శీర్షికగా నోటికి ఇంకా తేలికగా వస్తుంది.

న్యూజెర్సీ నివాసి:
మాస్టారూ, వేమన మాట బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డాన్ దగ్గర తేలలేదు. 1994లో, 31 ఏళ్ల వయసులో, బర్మింగ్‌హామ్ బారన్స్ తరఫున డబుల్-ఎ ఆడినప్పుడు సాధనలో ఆయనకు లోటు లేదు. 127 ఆటలు ఆడాడు, 30 బేసులు దొంగిలించాడు. సగటు మాత్రం .202, స్ట్రైక్‌అవుట్లు 114.

రేపల్లె విశ్రాంత ఉపాధ్యాయుడు:
“తినగ తినగ” అని వేమన రెండుసార్లు అన్నాడు. జోర్డాన్ తిన్నది ఒక్క ఏడాదే.

ఫ్రిస్కో వాసి:
ఆ ఒక్క మాటకు మాస్టారికి నమస్కారం. కానీ నా మనసు కందప్రియగారి ‘కని’ దగ్గరే ఆగిపోయింది. స్కౌట్లు ఆటగాడి ఒక్కొక్క నైపుణ్యానికి 20 నుంచి 80 వరకు మార్కులు వేస్తారు, అందులో 50 అంటే పెద్ద లీగుల సగటు. ఆ మార్కు కంటితో చూసి వేసేది. అంకెలు పట్టుకుని కూర్చునేవారు కనుగొనేవారు. గత కొన్నేళ్లుగా ఇక్కడ మంగళవారం నుంచి ఆదివారం వరకు ఒకే జట్టుతో వరుసగా ఆరు ఆటలు పెడుతున్నారు కనుక, మంగళవారం ఒక పిచర్ చేతిలో తేలిపోయిన కుర్రవాడు ఆదివారం మళ్లీ అతనికే ఎదురుపడితే చెడ్డ బంతిని వదిలేస్తున్నాడా లేదా అన్నది స్టాండులో కూర్చున్నవాడికి కనిపిస్తుంది. అది ఆ నెల సగటుకు ఎక్కదు. నా వ్యాసానికి ‘కని’ అంటే చూసి అన్న అర్థమే కావాలి.

కాకినాడ పాఠకుడు:
మీకు కావలసిన అర్థం వేరు, పద్యంలో ఉన్న అర్థం వేరు. ‘కని’కి కర్మ ఏది? “కల్ల నిజము” కర్మ అనుకుంటే, కల్లను కంటితో చూడడం ఎలా సాధ్యం? అందుకే అది కనుగొని.

కందప్రియ:
కర్మ “కల్ల నిజము” కాదు, అది ‘తెలిసిన’కు చెందుతుంది. ‘కని’కి కర్మ లోపించింది. లోపించిన కర్మ ఎవ్వరో చెప్పిన ఆ విషయమే.

న్యూజెర్సీ నివాసి:
లోపించిన చోటినే కదా మేము వివరమన్నది.

ఫ్రిస్కో వాసి:
ఎటూ తేలేలా లేదు కనుక ప్రస్తుతానికి “వినదగు నెవ్వరు చెప్పిన” అన్న మొదటి పాదమే శీర్షికగా పెడుతున్నాను. రేపు మంగళవారం, కొత్త జట్టు వస్తున్నది. మూడవ పాదం సంగతి ఆదివారం తరువాత మళ్లీ అడుగుతాను.

కందప్రియ:
మొదటి పాదమైతే ‘వినఁదగు’ అని అరసున్న తప్పక వేయండి.