మారుతి 800 ఫ్యూజు బాక్సులో పచ్చ చిలుము, ఎవరైనా బాగుచేశారా?

పర్లాకిమిడి_800:
1997 బండి, కార్బురేటర్‌ది. వానలు వెళ్లేసరికి ఫ్యూజు క్లిప్పులన్నీ చిలుము పట్టేశాయి. హెడ్‌లైట్లు కిరసనాయిలు బుడ్డిలా ఉన్నాయి, హారన్ కొడితే ఇంకా తగ్గుతున్నాయి. పెట్రోలు ముల్లు సగం దగ్గరే ఆగిపోయింది. చిలుము దేనితో తీయాలి? బరంపురం దాకా పోకుండా ఇక్కడే చేసేవాళ్లెవరైనా ఉన్నారా?

గోపాల్‌పూర్_గాలి:
ఫ్యూజు బాక్సు తర్వాత, ముందు ఎర్తు చూడండి. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, గేర్‌బాక్సుకి వెళ్లే వైర్లు విప్పి, రింగు కింద పెయింటూ తుప్పూ పోయి ఇనుము తళతళలాడేదాకా గీకండి. బిగించాక పైన వేస్‌లీన్ పూయాలి. మాది ఉప్పుగాలి ఊరు, 2013లో ఫైలిన్ తుపాను పోయాక చాలా బండ్లకి ఇదే జబ్బు. జనం మాత్రం బ్యాటరీల మీద బ్యాటరీలు మార్చారు, ప్రాణం ఉసూరుమనేది.

రాయగడ_గ్యారేజీ:
అంబాసిడర్ల వైరింగ్ మొత్తం ఊడదీసి కట్టిన చేతులివి. ఇంత హైరానా ఎందుకు? డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి ఎమెరీ పేపరుతో (గరుకు కాగితం) రుద్దండి, పని అయిపోతుంది.

గుణుపురం_కుర్రాడు:
అన్నా, దయచేసి ఆ సలహా ఇవ్వొద్దు. మామూలు డబ్ల్యూడీ-40 తేమ తోలడానికి పనికొస్తుంది, కానీ జిడ్డు పొర మిగులుతుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. కాంటాక్ట్ క్లీనర్ అని విడిగా దొరుకుతుంది, అది పూర్తిగా ఆరిపోతుంది. ఎమెరీతో రుద్దితే క్లిప్పు మీద తగరం పూత లేచిపోయి, వచ్చే వానకి చిలుము ఇంకా త్వరగా వస్తుంది.

రాయగడ_గ్యారేజీ:
ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు రుద్దకుండా అంబాసిడర్ నడిపినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు తమ్ముడూ. చదివి చెప్పడం వేరు, చేతులు నల్లగా చేసుకోవడం వేరు.

గుణుపురం_కుర్రాడు:
పాయింట్లు టంగ్‌స్టన్‌వి, వాటికి పూత ఉండదు, రుద్దితే ఏం కాదు. ఫ్యూజు క్లిప్పు అలా కాదు. నా చేతుల సంగతి మీకెందుకు? అడిగినాయన బండి పాడవకూడదనే చెప్తున్నా.

సిరోంచ_ఒడ్డు:
2022 జులై గోదారి వరదలో మా బండి సీట్ల దాకా మునిగింది. మునిగిన బండికి తాళం పెట్టి తిప్పొద్దు, ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. కార్పెట్ కింద కనెక్టర్లు ఎవరూ చూడరు, బురదంతా అక్కడే. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లపొడికి వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసమని కరిగిపోతుంది. మూత రంధ్రాల్లోకి మాత్రం పోనివ్వకండి.

ఇచ్ఛాపురం_బోర్డర్:
ఇంత కష్టపడి బాగుచేశాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఒకటుంది కదా. 15 ఏళ్లు దాటిన కారుకి 600 ఉన్న ఫీజుని 2022 ఏప్రిల్ నుంచి 5000 చేశారు. బండిని కన్నబిడ్డలా చూసుకునేవాడికి ఇదేం శిక్ష?

గోపాల్‌పూర్_గాలి:
ఫీజు గొడవ వేరే పెట్టండి బాబూ. వోల్టులు కొలిచే మల్టీమీటరు ఉంటే ఎమెరీ తగువు కూడా అక్కర్లేదు. ఇంజిన్ ఆపి, లైట్లు వేసి, ఒక కొస బ్యాటరీ మైనస్ పోల్ మీద, రెండోది బాడీ ఇనుము మీద పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్తు బాగోనట్టే. ఇంజిన్ ఆన్ చేశాక బ్యాటరీ దగ్గర 14 వోల్టులకి అటూ ఇటూగా రాకపోతే ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జి చేసేది) చూపించాలి.

రాయగడ_గ్యారేజీ:
మీటరు మాట సరైనదే. దానితోపాటు హెడ్‌లైట్లకి రిలే (స్విచ్చి బదులు పెద్ద కరెంటుని తను మోసేది) పెట్టించండి. 60 వాట్ల బల్బులు రెండంటే 10 ఆంపియర్లు, రిలే లేకపోతే అదంతా ఆ చిన్న స్విచ్చి మీదే పడుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి వైరు తెచ్చేటప్పుడు ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, ఎక్కడో చివర కాదు. ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టేవాడి దగ్గరికి మాత్రం బండి తీసుకెళ్లొద్దు.